ఆరె మొనకు తెలిసిన లెక్క

బెల్టు కొన్న ఏడాదికి ఏది ముందు పాడవుతుందో గమనించారా? బకిల్ బాగానే ఉంటుంది. నడుం చుట్టూ తిరిగే పట్టీ కూడా బాగానే ఉంటుంది. బకిల్ పక్కన బెల్టు కొసను పట్టి ఉంచే చిన్న లూపు మాత్రం ఊడిపోతుంది. అది చిరిగి ఊడదు, కుట్టు విడిపోయి ఊడుతుంది. మన నడుముకైతే దాంతో పెద్ద నష్టం లేదు, బెల్టు కొస వేలాడుతుందంతే. గుర్రానికైతే అలా కాదు. చెంపపట్టీ కొస లూపులోంచి జారి కంటి దగ్గర కొట్టుకుంటే గుర్రం బెదురుతుంది. రికాబును మోసే తోలు వారు కుట్టు విడిస్తే రౌతు ఒక పక్కకు ఒరిగి కింద పడతాడు.

ఈ అధ్యాయం ఆ చిన్న లూపు గురించి, దాన్ని చేత్తో కుట్టడం గురించి. వేలెడు తోలు ముక్కను వంచి కుట్టడంలో ఏముంది అనిపించవచ్చు. అందులో రసాయనశాస్త్రం ఉంది, రేఖాగణితం ఉంది, బలాల లెక్క ఉంది. బడి గడప తొక్కనివ్వని మనుషులు ఈ మూడింటినీ చేతిపనిగా సాధించి, తండ్రి నుంచి కొడుక్కి అందిస్తూ వచ్చారు. వాళ్ళు చేసింది శాస్త్రమేనని నేను నమ్ముతాను. ఎందుకు నమ్ముతానో చెప్పాలంటే తోలు లోపలికి వెళ్ళాలి.

ముందు ఆ మనుషుల ఊరి సంగతి. వీపనగండ్ల మండలం 2016 అక్టోబరులో ఏర్పడిన వనపర్తి జిల్లాలో ఉంది. అంతకుముందు అది మహబూబ్‌నగర్ జిల్లా, జనం నోట పాలమూరు. ఒకపక్క పశువుల సంతకు పేరుపడ్డ పెబ్బేరు, మరోపక్క కొల్లాపూర్, దిగువన కృష్ణమ్మ. ఎద్దుల మీద, బావుల మీద బతికిన నేల ఇది. ఎద్దు ఉన్నచోట తోలు పని ఉంటుంది. ఊరి మాదిగవాడల్లో తయారైనవి చెప్పులొక్కటే కాదు. కాడి వార్లు, ఎద్దుల మెడపట్టెడలు, చెర్నాకోలలు, డప్పులు, బావిలోంచి నీళ్ళు తోడే మోట బొక్కెనలు కూడా అక్కడివే. మోటకు ఇనుప బొక్కెన వచ్చాక కూడా నీళ్ళు వదిలే తొండం మాత్రం తోలుదే. సేద్యమంతా ఆ కుట్లను నమ్ముకుని నడిచింది. ఆ కుట్టు వేసిన మనిషికి దక్కింది ఏడాదికోసారి కళ్ళంలో కొలిచే గింజలు. నిజాం ఏలుబడిలో దొరల గడీలకు తోలు సామాను చాలావరకు వెట్టి కింద ఊరికే పోయేది.

గుర్రాలూ ఈ నేలకు కొత్త కాదు. 19వ శతాబ్దిలో వనపర్తి సంస్థానాధీశులు సొంత ఆశ్విక దళాలు పెంచారు. వాటిలో ఒకటి ఆఫ్రికా మూలాలున్న సిద్దీ రౌతులది. ఆ దళం తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర వాళ్ళు స్థిరపడ్డ చోటే ఇప్పటి ఏసీ (ఆఫ్రికన్ కావల్రీ) గార్డ్స్ బస్తీ. ఒక గుర్రానికి తలపట్టీ, చెంపపట్టీలు, పగ్గాలు, పొట్టపట్టీ, రికాబు వార్లు కావాలి. బకిల్ ఉన్న ప్రతిచోటా ఒకటో రెండో లూపులుంటాయి. ఒక్క గుర్రానికే డజనుకు పైగా లెక్క తేలుతుంది. దళం మొత్తానికి ఎన్ని వేల కుట్లో మీరే ఊహించుకోండి. అసలు రికాబు కథ మొదలైందే ఒక లూపుతో. క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటి సాంచి శిల్పాల్లో రౌతు కాలి బొటనవేలు దూర్చుకున్న చిన్న ఉచ్చు కనిపిస్తుంది. ఇనుప రికాబు చాలా తర్వాత వచ్చింది.

తోలు లోపల

పచ్చి చర్మంలో దాదాపు మూడింట రెండు వంతులు నీళ్ళే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొలాజెన్ అనే ప్రోటీన్. మన ఒంట్లోని ప్రోటీన్లన్నిటిలోనూ సుమారు మూడో వంతు ఇదే. దాని అణువు మూడు పోగులు పెనవేసుకున్న తాడు. ఈ రూపాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. కంగారూ తోకలోని స్నాయువు నుంచి తీసిన కొలాజెన్‌ను ఎక్స్-కిరణాలతో పరీక్షించి వాళ్ళు ఈ ముప్పేట తాడును పట్టుకున్నారు. ఒక్కో పోగులో దాదాపు వెయ్యి అమైనో ఆమ్లాలుంటాయి. వాటిలో ప్రతి మూడోదీ గ్లైసిన్. అమైనో ఆమ్లాలన్నిటిలోకీ అదే చిన్నది. మూడు పోగులు కలిసే లోపలివైపు ఇరుకులో మరొకటి పట్టదు, అందుకే ప్రతి మూడో స్థానం దానిదే. ఈ తాడు పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటరు. ఇలాంటివి లెక్కలేనన్ని పక్కపక్కన చేరి నారలవుతాయి, నారలు అన్ని దిక్కులా అల్లుకుని చర్మమవుతాయి.

ఆ అల్లిక అంతటా ఒకేలా ఉండదు. వెన్ను పక్కన, పిరుదుల మీద నారలు దట్టంగా ఉంటాయి. పొట్ట దగ్గర, కాళ్ళ సందుల్లో వదులుగా ఉంటాయి. పశువు మేసినప్పుడు, చూలు కట్టినప్పుడు పొట్ట సాగాలి కదా. అందుకే పొట్ట తోలుతో చేసిన లూపు నెలల్లోనే వదులవుతుంది. వెన్ను దగ్గరి తోలులో కూడా దిక్కు ముఖ్యం. వెన్నెముకకు సమాంతరంగా కోసిన పట్టీ తక్కువ సాగుతుంది, అడ్డంగా కోసింది ఎక్కువ సాగుతుంది. పని తెలిసినవాళ్ళు తోలు ముక్కను పైపొర లోపలికి వచ్చేలా మడిచి చూస్తారు. సన్నటి, దగ్గర దగ్గరి ముడతలు పడితే నారలు బిగువుగా ఉన్నట్టు. లావుపాటి ముడతలు లేచి, పైపొర కిందిపొర నుంచి విడివడినట్టు కనిపిస్తే ఆ ముక్క లూపుకు పనికిరాదు. మైక్రోస్కోపు కింద పరిశోధకుడు చూసే నారల అల్లికనే వాళ్ళు రెండు వేళ్ళ మధ్య చూస్తారు.

పచ్చి చర్మం ఎండితే బిర్రబిగుసుకుంటుంది, తడిస్తే కుళ్ళుతుంది. దాన్ని తోలుగా మార్చడానికి మన ఊళ్ళలో సున్నం, తంగేడు చెక్క (బెరడు) వాడారు. సున్నం నీళ్ళు వెంట్రుక కుదుళ్ళను వదులు చేస్తాయి, నారల మధ్య ఇరుక్కున్న అనవసర ప్రోటీన్లను కరిగిస్తాయి, నారల మధ్య ఖాళీలను తెరుస్తాయి. వెంట్రుకలు, అంటుకున్న మాంసం గీకేశాక చర్మాన్ని లందలో, అంటే తంగేడు చెక్క ఊరిన నీళ్ళ గుంతలో, వేస్తారు. ఆ చెక్క బరువులో సుమారు ఐదో వంతు టానిన్లు. టానిన్ అణువు చుట్టూ హైడ్రాక్సిల్ గుంపులు చాలా ఉంటాయి. అవి కొలాజెన్ తాళ్ళ మధ్యకు దూరి, హైడ్రోజన్ బంధాలతో అటొకదాన్నీ ఇటొకదాన్నీ పట్టుకుంటాయి. అంతకుముందు నీరున్న చోటును టానిన్లు ఆక్రమిస్తాయి. ఇక సూక్ష్మజీవులు వదిలే ఎంజైములకు ఆ తాళ్ళు అందవు.

ఈ మార్పును కొలిచే సులువైన మార్గం వేడినీళ్ళు. పచ్చి చర్మం 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడికే ముడుచుకుపోతుంది. చెట్ల చెక్కతో పదును చేసిన తోలు 75, 85 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసినదైతే మరిగే నీళ్ళను కూడా తట్టుకుంటుంది. అలాగని క్రోమ్ తోలు అన్నిటికీ మేలని కాదు. అది మెత్తన, సాగుతుంది, తడిపి మలిచిన ఆకారాన్ని నిలుపుకోదు. లూపుకు, జీనుకు, పట్టీలకు చెక్క తోలే సరైనది.

టానిన్ చర్మం నడిమధ్యకు చేరడానికి చాలా రోజులు పడుతుంది. అణువులు వాటంతటవే లోపలికి పాకాలంటే మందం రెట్టింపైతే కాలం నాలుగింతలవుతుంది. ఎద్దు తోలు మందం 4, 5 మిల్లీమీటర్లు. ఈ ఆలస్యానికి దేశంలో చాలాచోట్ల పల్లె జనం కనిపెట్టిన ఉపాయం అద్భుతమైనది. సగం పదునైన చర్మాన్ని సంచిలా కుట్టి, లోపల చెక్క పొడి, చెక్క రసం నింపి, కర్రకు వేలాడదీస్తారు. నీటి బరువే రసాన్ని చర్మం గుండా బయటికి నెడుతుంది. కింద కారినదాన్ని పట్టి మళ్ళీ సంచిలో పోస్తారు. పాకడం కోసం ఎదురుచూడకుండా ఒత్తిడితో పని ముగించడమన్న మాట. తోలు తయారవకముందే కుట్టు అక్కడ తన పని మొదలుపెట్టింది.

తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మను పేర్చేటప్పుడు దానికే పెద్దపీట. ఆ పువ్వుకు మొక్కే చేతులతో, ఆ చెట్టు చెక్కతో ఊరికి చెప్పులిచ్చిన మనుషులను తరాలపాటు ఊరి బయట ఉంచాం. తోలు వాసన వంక పెట్టి దూరంగా ఉంచాం, ఆ తోలుతో చేసిన మోట నీళ్ళు మాత్రం పారించుకున్నాం. ఇది రాయకుండా తోలు శాస్త్రం రాస్తే సగం అబద్ధం రాసినట్టే.

ఆ తెలివికి ప్రయోగశాలల్లో చోటు ఆలస్యంగా దొరికింది. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో దానికి సంచాలకులయ్యారు. రైతు కుటుంబంలో పుట్టి, అందరూ ముక్కు మూసుకునే తోలునే తన జీవితాధ్యయనంగా ఎంచుకున్న మనిషి ఆయన. 1971లో దేశ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతి అయ్యారు. 1985 జూన్‌లో ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో మరణించారు. రచయిత కంచ ఐలయ్య 2009 నాటి తన ఇంగ్లీషు పుస్తకం పోస్ట్-హిందూ ఇండియాలో మాదిగలను శాస్త్రవేత్తలుగా నిలబెట్టి ఒక అధ్యాయమే రాశారు. ఆయనతో ఇతర విషయాల్లో విభేదించేవారు కూడా ఈ ఒక్క మాట మీద ఆగి ఆలోచించాలి.

పట్టీ ఎంత పొడవు కోయాలి

ఇప్పుడు లూపు కోద్దాం. బెల్టు వెడల్పు 35 మిల్లీమీటర్లు, మందం 4 అనుకుందాం. లూపులోంచి బెల్టు రెండు పొరలుగా వెళ్తుంది కాబట్టి మందం 8. చుట్టుకొలత రెండు 35లు, రెండు 8లు కలిపి 86 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల మందమున్న పట్టీని సరిగ్గా 86 కోసి చుట్టండి. కొసలు కలవవు, మధ్యలో ఆరు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది.

తోలును వంచితే లోపలివైపు నలుగుతుంది, బయటివైపు సాగుతుంది. పొడవు మారకుండా ఉండేది మధ్య గీత ఒక్కటే. ఆ గీత బెల్టు అంచుకు సగం మందం దూరంలో, అంటే 1 మిల్లీమీటరు బయటికి ఉంటుంది. నాలుగు మూలల దగ్గరా పావు చుట్టు చొప్పున తిరిగి మొత్తం ఒక చుట్టు పూర్తవుతుంది. కాబట్టి అదనంగా కావలసింది 1 మిల్లీమీటరు వ్యాసార్థమున్న వృత్తం చుట్టుకొలత, 6.28 మిల్లీమీటర్లు. మరోలా చెప్పాలంటే పట్టీ మందానికి π (పై) రెట్లు, స్థూలంగా మూడింతల కన్నా కాస్త ఎక్కువ. బెల్టు వెడల్పెంతైనా, గుర్రపు పొట్టపట్టీ అయినా ఈ అదనం మారదు. భూమధ్యరేఖ చుట్టూ బిగుతుగా తాడు కట్టి, దాన్ని అంతటా ఒక మీటరు పైకి లేపాలంటే ఎంత తాడు కలపాలని లెక్కల మాస్టార్లు అడుగుతుంటారు. ఆరున్నర మీటర్లు కూడా అక్కర్లేదు, 6.28 చాలు. భూమికీ లూపుకూ లెక్క ఒక్కటే. బెల్టు కొస తేలిగ్గా కదలడానికి ఇంకో 2 మిల్లీమీటర్లు కలిపితే మన పట్టీ, కొసల అతుకు కాక, 94 మిల్లీమీటర్లు.

చేయితిరిగినవాళ్ళు ఈ గుణకారం చేయరు. తడిపిన పట్టీని రెండు పొరల బెల్టు చుట్టూ చుట్టి, కొస మీద కొస పడ్డచోట, తోలుకు చిల్లు పొడిచే ఆరె మొనతో గీత పెట్టి, తోలు కత్తి అయిన రంపెతో కోస్తారు. మధ్య గీత ఎక్కడుందో చుట్టిన తోలే చెబుతుంది.

తడపడంలోనూ కిటుకుంది. నీళ్ళలో ముంచి వెంటనే వంచితే పైపొర పగులుతుంది. తడిపి, తడి గుడ్డలో చుట్టి కొన్ని గంటలు ఉంచాలి. అప్పుడు నీరు నారల మధ్య సమంగా సర్దుకుంటుంది. నీరు చేరినచోట నారల మధ్యనున్న హైడ్రోజన్ బంధాలు కొన్ని విడిపోయి నారలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఆరుతున్నప్పుడు కొత్త స్థానాల్లో కొత్త బంధాలు ఏర్పడి ఆకారం నిలిచిపోతుంది. త్వరగా అవుతుందని మరిగే నీళ్ళు వాడితే ఏమవుతుందో పైన 75, 85 డిగ్రీల లెక్క చూశాం.

కొసలు కలపడానికి రెండు దారులు. ఒకటి, రెండు కొసలనూ రంపెతో ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి వేయడం. చెక్కేది మాంసం వైపే. పైపొర జోలికి పోకూడదు. రెండు కొసలూ కలిసినచోట మందం ఒక్క పట్టీ అంతే ఉండాలి. లేకపోతే ఆ గుబ్బ రుద్దుకుని కుట్టు ముందే అరిగిపోతుంది. రెండోది, కొసలను బెల్టు పొరల మధ్యకు దూర్చి బెల్టుతో పాటే కుట్టేయడం. గుర్రపు సామానులో బరువు పడే లూపులకు ఈ రెండోదే నమ్మకమైనది. అతుకు బెల్టు పొరల మధ్య దాగుతుంది కాబట్టి దానికి రాపిడి ఉండదు.

చిల్లు

ఇక ఆరె. పైకి చూస్తే ఒక పిడి, ఒక ఉక్కు మొన. ఆ మొన గుండ్రంగా ఉందా, పలకలుగా ఉందా అన్నదాని మీద లూపు ఆయుష్షు ఆధారపడుతుంది.

1913లో ఇంగ్లండులో చార్లెస్ ఇంగ్లిస్ అనే ఇంజనీరు ఓడల ఇనుపరేకుల్లో పగుళ్ళు ఎందుకు పాకుతాయో లెక్కగట్టాడు. రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే, లాగినప్పుడు దాని పక్క అంచు దగ్గర ఒత్తిడి మిగతా రేకులో కన్నా మూడింతలవుతుంది. రంధ్రం కోలగా ఉండి, పొడవు వైపు వెడల్పుకు రెట్టింపు ఉందనుకోండి. లాగే దిక్కుకు అడ్డంగా ఉంటే అదే ఒత్తిడి ఐదింతలు, లాగే దిక్కు వెంట ఉంటే రెండింతలే. తోలు ఇనుపరేకు కాదు, దాని నారలు కాస్త జరిగి భారాన్ని పంచుకుంటాయి. అయినా ఏ దిక్కు చీలిక మేలో ఏది చేటో తోలులోనూ మారదు.

అందుకే జీను కుట్టేవాళ్ళ ఆరె మొనను అడ్డంగా కోసి చూస్తే డైమండు ఆకారంలో ఉంటుంది. చీలిక కుట్టు వరస వెంట ఏటవాలుగా పడుతుంది. ఒక చీలిక కొస పక్క చీలిక కొసకు సూటిగా ఎదురుపడదు కాబట్టి ఒకదాన్నుంచి మరొకదానికి చిరుగు తేలిగ్గా పాకదు. ఇంకో సంగతి కూడా ఉంది. పంచ్‌తో కొట్టిన గుండ్రటి రంధ్రం అక్కడి నారలను కోసి బయట పారేస్తుంది. ఆరె చాలా నారలను పక్కకు నెడుతుంది. దారం దూరాక ఆ నారలు తిరిగి దాని మీదికి ఒరిగి పట్టుకుంటాయి. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు గుర్రపు సామానుకు సరిపోతాయి. అంతకు మించితే దారం బలం పెరిగేలోపే చిల్లుల మధ్య తోలు బలం తగ్గిపోతుంది.

రెండు కొసల కుట్టు

జీను కుట్టు అని ప్రపంచమంతా పిలిచే కుట్టులో ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. దారం పొడవు కుట్టే బారుకు నాలుగింతలు ఉండాలి. దారానికి తేనెమైనం రుద్దుతారు. మైనం 62, 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేగంగా రుద్దితే పుట్టే వేడికి మెత్తబడి దారం పోగుల్లోకి దిగుతుంది, నీటిని రానివ్వదు, చిల్లులో దారం జారకుండా పడుతుంది. మొదటి చిల్లులోంచి దారాన్ని సగానికి లాగుతారు. రెండో చిల్లు ఆరెతో పొడిచి ఎడమ సూదిని కుడికి, కుడి సూదిని ఎడమకు అదే చిల్లులోంచి పంపుతారు. రెండో సూది మొదటి దారాన్ని గుచ్చకూడదు. తర్వాత రెండు చేతులతో సమంగా లాగుతారు. ఎక్కడ ఆపాలో చేయికి తెలియాలి. దారం తోలులోకి కాస్త దిగి కూర్చుంటే చాలు. అంతకు మించి లాగితే, ముఖ్యంగా సన్నటి నైలాన్ దారమైతే, అది తోలునే కోస్తుంది.

మన వీధి చివర చెప్పులు కుట్టే మనిషి చేతిలోని ఆరెకు మొన దగ్గర చిన్న గంటు ఉంటుంది. తోలులోకి గుచ్చి, అడుగున రెండో చేత్తో దారాన్ని ఆ గంటుకు తగిలించి, పైకి లాగితే దారం చిన్న ఉచ్చుగా పైకి వస్తుంది. పై దారం కొసను అందులోంచి దూర్చి రెండూ బిగిస్తారు. చూడండి, బిగించాక కింది దారం పైన మిగలలేదు, పై దారం కిందికి పోలేదు, రెండూ తోలు మధ్యలో ఒకదాన్నొకటి మెలివేసుకున్నాయి. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందిన, 1851లో సింగర్ మెరుగుపరిచిన కుట్టుమిషను వేసేది కూడా ఇదే అల్లిక. అదే ఆరెతో అడుగు దారం కొస మొత్తాన్ని పైకి లాగి, పై కొసను అదే చిల్లులోంచి కిందికి పంపితే అది జీను కుట్టు అవుతుంది. పైనుంచి చూస్తే రెండిటికీ తేడా తెలీదు.

తేడా తెగినప్పుడు బయటపడుతుంది. మిషను కుట్టులో పై దారమంతా పైనే ఉంటుంది. రాపిడి తగిలేది దానికే. అది ఒక్కచోట తెగితే, దాన్ని పట్టుకుని ఉన్న కింది దారానికి ఇక ఆధారం లేదు. పక్క కుట్టు వదులవుతుంది, దాని పక్కది వదులవుతుంది, చివరికి వరసంతా విచ్చుకుంటుంది. మీ బెల్టు లూపు ఊడింది ఇలాగే. జీను కుట్టులో ప్రతి దారమూ ఒక కుట్టు పైన, ఒక కుట్టు కింద నడుస్తుంది. పైన ఒకచోట అరిగి తెగితే అదే చిల్లుల మధ్య రెండో దారం అడుగున క్షేమంగా ఉంటుంది. తెగిన దారం కూడా రెండు పక్కలా చిల్లుల్లో ఇరుక్కుని అక్కడే ఆగుతుంది.

ఎందుకు ఆగుతుంది? పొగరుబోతు ఎద్దు పలుపును గుంజకు రెండు చుట్లు చుడితే పిల్లవాడు కూడా ఒక చేత్తో ఆపగలడు. ఆ సంగతే ఇక్కడా. చుట్టిన ప్రతి కోణానికీ ఘర్షణ పట్టును కూడిక లెక్కన కాక గుణకారం లెక్కన పెంచుతుంది. దీన్ని సూత్రంగా రాసినవాడు 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్. దారం చిల్లులోకి దిగేటప్పుడు పావు చుట్టు, అవతల పైకి తేలేటప్పుడు ఇంకో పావు చుట్టు తిరుగుతుంది. కుట్టుకు అర చుట్టు. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఒక్కో కుట్టు దాటేసరికి పట్టు రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. మూడు కుట్లకు 17 రెట్లు, ఐదు కుట్లకు 110 రెట్లు. దారం కొసను మైనం 100 గ్రాముల బరువంత బలంతో పట్టుకుందనుకున్నా, మూడు కుట్ల అవతల అది 1.7 కిలోలను, ఐదు కుట్ల అవతల 11 కిలోలను ఆపుతుంది. చిల్లులో నారలు నొక్కే బలం దీనికి అదనం. అందుకే జీను కుట్టు చివర ముడి వేయరు. రెండు మూడు చిల్లులు వెనక్కి కుట్టి దారం కోసేస్తారు. ముడి వేస్తే ఉబ్బి రాపిడికి అరుగుతుంది, గుర్రం ఒంటికి ఒరుసుకుని పుండు చేస్తుంది కూడా.

నూనె పెట్టడం మిగిలింది. తోలులో నారలు ఒకదాని మీద ఒకటి జారాలంటే మధ్యలో కాస్త జిడ్డు కావాలి. ఆముదమో కానుగ నూనో పలచగా రుద్దితే చాలు. ఎక్కువైతే నారలు వదులై లూపు సాగుతుంది.

మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి, కాడెద్దుల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. హైదరాబాద్ పెళ్ళి ఊరేగింపుల గుర్రాలకు కూడా నైలాన్ పట్టీలు, రెక్సిన్ పట్టీలు ఎక్కాయి. లందలు పూడిపోయాయి. కుల వృత్తి అనే సంకెల తెగినందుకు నాకు సంతోషమే. ఎవరి పిల్లలూ పుట్టుకను బట్టి లందలోకి దిగనక్కర్లేదు. కానీ సంకెలతో పాటు తెలివిని కూడా పారేయాలని ఎక్కడా లేదు. వీపనగండ్ల చుట్టుపక్కల బడుల్లో సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. ఈ పని చేసిన పెద్దలు ఊళ్ళో ఉంటే తరగతి గదికి పిలవండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆరె, రంపె, గూటం వాళ్ళ చేతుల్లో ఎలా కదులుతాయో పిల్లల్ని చూసి రాసుకోనివ్వండి. ఘర్షణ పాఠం, పై పాఠం, ప్రోటీన్ల పాఠం మూడూ ఆ ఒక్క గంటలో చెప్పొచ్చు.

ఇక మీ బెల్టు. లూపు ఊడిందని దాన్ని పారేయకండి. దగ్గర్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి, దారం రెండు కొసలూ ప్రతి చిల్లులోంచి దూర్చి కుట్టమని, చివర ముడి వేయకుండా మూడు కుట్లు వెనక్కి వేయమని అడగండి. ఆ పనికి ఆయన అడిగినంత ఇవ్వండి.